నీళ్లు ఎవరు కాచారు? వేల్స్ దేశపు స్నానశాలల కథ

(బొగ్గుగనుల ప్రాంతంలోని ఒక గ్రంథాలయంలో సాయంకాలపు సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఇంగ్లండుకు పడమటి పక్కన ఆనుకుని ఉన్న చిన్న దేశం వేల్స్. విస్తీర్ణంలో మన తెలంగాణలో ఐదో వంతు కూడా ఉండదు. అంత దూరాన, అంత చిన్న దేశంలో జనం ఎక్కడ స్నానం చేశారో మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ దేశం వందేళ్లకు పైగా బొగ్గు మీద బతికింది. 1913లో ఒక్క దక్షిణ వేల్స్ గనుల నుంచే 5 కోట్ల 60 లక్షల టన్నులకు పైగా బొగ్గు బయటికి వచ్చింది. 1920 నాటికి అక్కడ 2 లక్షల 70 వేల మంది గనుల్లో పనిచేసేవారు. అంతమంది రోజూ ఒళ్లంతా మసితో పైకి వచ్చి ఇంటికి నడిచి వెళ్లేవారు. వాళ్ల ఒళ్లు కడిగే పని ఎవరి మీద పడిందో, అది ఎలా తొలగిందో చెప్పాలన్నదే ఈ రోజు నా ఉద్దేశం.

స్నానశాలల చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా కట్టడాల గురించి రాస్తారు. కొలను పొడవెంత, గోడల మీద పలకలు ఏ రంగువి, ఎవరు ప్రారంభించారు, ఇవన్నీ ఉంటాయి. నేను మాత్రం ఏ స్నానశాల గురించి చదివినా ముందు ఒకటే వెతుకుతాను. ఈ నీళ్లు ఎవరు తెచ్చారు, ఎవరు కాచారు? ఆ దారినే రెండు వేల ఏళ్ల కిందటికి వెళ్దాం.

దక్షిణ వేల్స్‌లో కార్లియన్ అనే చిన్న ఊరుంది. క్రీస్తుశకం 75 ప్రాంతంలో రోమన్లు అక్కడ పెద్ద కోట కట్టారు. రెండవ అగస్టా దళం, అంటే 5 వేలకు పైగా సైనికులు, అక్కడే మకాం. ఆ కోటలో వాళ్లు కట్టుకున్న స్నానశాల ఒక పెద్ద దేవాలయమంత ఉండేది. బయట 41 మీటర్ల పొడవున ఈత కొలను. అందులో 3 లక్షల 65 వేల లీటర్ల నీళ్లు పట్టేవి. లోపల చల్లని గది, గోరువెచ్చని గది, బాగా వేడి గది వరుసగా ఉండేవి. పొట్టి స్తంభాల మీద నేలను ఎత్తుగా పరిచి, కింద ఖాళీలోకి పొయ్యి వేడిని పంపేవారు. ఒంటికి నూనె పట్టించి, వంపు తిరిగిన లోహపు బద్దతో మురికి గీకేసేవారు. పండగ పూట మన ఇళ్లలో నూనె రాసి నలుగు పెట్టడం లాంటిదే.

1960ల నుంచి 80ల మొదటి వరకు అక్కడ తవ్వకాలు జరిగాయి. నన్ను ఆపేసింది కొలను కాదు, కింద ఉన్న మురుగు కాలువ. అందులో చెక్కడపు పని చేసిన చిన్న చిన్న ఉంగరపు రాళ్లు 88 దొరికాయి. ఆవిరికి ఉంగరంలో రాయిని పట్టి ఉంచే జిగురు మెత్తబడి రాయి జారిపోయేది. ఎవరూ గమనించేలోగా నీళ్లతో కాలువలోకి వెళ్లిపోయేది. ఆ రాళ్లతో పాటు జడల్లో పెట్టుకునే పిన్నులు, పూసలు, తిని పారేసిన కోడి ఎముకలు, పిల్లల పాలపళ్లు కూడా దొరికాయి. అంటే సైనికుల స్నానశాలకు ఆడవాళ్లు, పిల్లలు కూడా వచ్చేవారన్నమాట. తినేవారు, కబుర్లు చెప్పుకునేవారు, రోజులో సగం అక్కడే గడిపేవారు. ఉంగరం పోగొట్టుకున్న మనిషి గురించి ఈ కాలువ మనకు ఇంత చెప్పింది. పొయ్యిలో పగలూ రాత్రీ కట్టెలు ఎగదోసిన మనిషికి పోగొట్టుకోవడానికి ఉంగరం ఉండి ఉండదు. కాబట్టి అతని గురించి కాలువ ఏమీ చెప్పదు.

రోమన్లు వెళ్లిపోయాక వేల్స్‌లో వేడి నీళ్ల స్నానశాలలు చాలా శతాబ్దాల పాటు లేవు. చన్నీళ్ల ఊటలు మాత్రం మిగిలాయి. ఊట పక్కన ఒక సాధువు పేరు, ఆ నీళ్లలో మునిగితే రోగం పోతుందన్న నమ్మకం. వాటిలో అన్నిటికన్నా పేరున్నది ఉత్తరాన హోలీవెల్ పట్టణంలోని వినిఫ్రెడ్ ఊట. ఏడో శతాబ్దంలో వినిఫ్రెడ్ అనే కన్యను కారడోగ్ అనే రాజకుమారుడు బలాత్కరించబోయాడట. ఆమె పారిపోతుంటే కత్తితో తల నరికాడట. తల పడిన చోట ఊట పుట్టిందని, ఆమె మేనమామ బ్యూనో తలను మొండానికి చేర్చి ప్రార్థిస్తే ఆమె బతికిందని కథ. ఆ ఊట మీద పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో అందమైన రాతి మండపం కట్టారు. నక్షత్రం ఆకారంలో ఊట తొట్టి, దాని ముందు మునగడానికి కొలను. నీళ్లలో మూడు మార్లు నడిచి వెళ్లడం ఆచారం. పాత మతాచారాలన్నీ ప్రభుత్వం నిషేధించిన కాలంలో కూడా జనం అక్కడికి రావడం మానలేదు. 1686లో రెండవ జేమ్స్ రాజు, రాణి సంతానం కోసం మొక్కుకోవడానికి వచ్చారు. నేటికీ యాత్రికులు వస్తూనే ఉన్నారు.

ఈ ఊట గురించి ఒక సంగతి గనుల ప్రాంతంలో చెప్పి తీరాలి. 1917లో ఒక రోజు ఊట ఉన్నట్టుండి ఎండిపోయింది. దగ్గర్లోని సీసపు గనుల్లో నీరు తోడడానికి తవ్విన సొరంగం భూగర్భంలో ఊట దారిని తెంపేసింది. తర్వాత మరో భూగర్భ ధార నుంచి నీళ్లు మళ్లించి ఊటను నిలబెట్టారు. వెయ్యేళ్లకు పైగా ఆగని నీళ్లు గని దెబ్బకు ఒక్క రోజులో ఆగాయి. గని పక్కన ఊళ్లో బావి ఎండితే ఎలా ఉంటుందో ఇక్కడున్న వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో డబ్బున్న వాళ్లకు స్నానం ఒక వైద్యమైంది. 1732లో లాన్‌ర్టిడ్ అనే చోట థియోఫిలస్ ఎవాన్స్ అనే మతాధికారి కంపు కొట్టే గంధకపు ఊటలో ఒక కప్ప హాయిగా ఆడుకోవడం చూసి, తనూ ఆ నీళ్లు తాగి జబ్బు నయం చేసుకున్నాడని చెబుతారు. అక్కడి నుంచి మధ్య వేల్స్‌లో ఊటల ఊళ్లు వెలిశాయి. 1865లో రైలు వచ్చాక లాండ్రిండాడ్ పెద్ద విహార పట్టణమైంది. కలవారు లాండ్రిండాడ్‌లో దిగేవారు. సన్నకారు రైతులు, గని కార్మికులు సెలవులు దొరికితే లాన్‌ర్టిడ్‌కు వెళ్లేవారు. ఊట నీళ్లలో కూడా అంతస్తులున్నాయి.

సముద్రపు స్నానం సంగతికి వస్తే టెన్బీ గురించి చెప్పాలి, ఎందుకంటే అందులో మన డబ్బు ఉంది. విలియం పాక్స్‌టన్ అనే పెద్దమనిషి ఈస్టిండియా కంపెనీ కాలంలో కలకత్తా టంకశాల అధికారిగా పనిచేసి, అపారంగా సంపాదించి వేల్స్‌లో భూములు కొన్నాడు. టెన్బీ సముద్రతీరాన ఉన్నత వర్గాల కోసమని స్నానశాల కట్టించాడు. 1806 జులైలో అది తెరుచుకుంది. సముద్రపు నీటిని తెచ్చి చల్లగానూ, వేడిచేసీ అందించే ఏర్పాటు ఉండేది. ఆ భవనం తలుపు మీద గ్రీకు భాషలో ఒక పంక్తి చెక్కించాడు. మనిషి బాధలన్నిటినీ సముద్రం కడిగేస్తుందని దాని భావం. ఆ పంక్తి ఇప్పటికీ ఉంది. బెంగాలులో కూడబెట్టిన సొమ్ముతో కట్టిన గోడ మీద ఆ మాట చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. 1770 కరువులో ఆ బెంగాలులోనే లక్షల మంది చనిపోయి అప్పటికి నలభై ఏళ్లు కూడా కాలేదు.

మరి పేదల మాట ఏమిటి? 1801లో కార్డిఫ్ జనాభా రెండు వేలు కూడా లేదు. 1901 నాటికి లక్షా అరవై వేలు దాటింది. బొగ్గు ఎగుమతి చేసే రేవు కావడమే దానికి కారణం. ఇరుకు వాడలు, కలరా, వీధికొక కొళాయి. ప్రజాస్నానశాలలు, బట్టలు ఉతుక్కునే శాలలు కట్టడానికి పురపాలక సంఘాలకు అధికారమిస్తూ 1846లో బ్రిటన్‌లో చట్టం వచ్చింది. కట్టి తీరాలని ఆ చట్టం అనలేదు. అందువల్ల పని నత్తనడకన సాగింది. కార్డిఫ్‌లో గిల్డ్‌ఫోర్డ్ క్రెసెంట్ స్నానశాల 1862లో ఒక ప్రైవేటు సంస్థ చేతిలో మొదలైంది. పదేళ్లు దాటాక గాని నగరపాలక సంస్థ దాన్ని కొనలేదు. ఆ కాలపు స్నానశాలల్లో మొదటి తరగతి, రెండో తరగతి ఉండేవి. కొలనులో నీళ్లు వారానికి ఒకటి రెండు సార్లే మార్చేవారు. కొత్త నీళ్ల రోజు రుసుము ఎక్కువ, నీళ్లు మురికైన కొద్దీ తక్కువ. ఇంట్లో తొట్టి లేని వాళ్లు నాణెం ఇచ్చి గదిలో తొట్టెడు వేడి నీళ్లు, సబ్బు, తువ్వాలు తీసుకునేవారు.

అలాంటి నగరం నుంచే గొప్ప ఈతగాళ్లు వచ్చారు. కార్డిఫ్‌లో 1886లో పుట్టిన పాల్ రాడ్మిలోవిచ్ 1908, 1912, 1920 ఒలింపిక్స్‌లో వాటర్ పోలోలోనూ, 1908 ఈత రిలేలోనూ కలిపి నాలుగు బంగారు పతకాలు గెలిచాడు. 1920 ఫైనల్లో బెల్జియం మీద గెలుపు గోలు కొట్టింది అతనే. ఆడవాళ్లను ఒలింపిక్ ఈతకు మొదటిసారి అనుమతించింది 1912లో. ఆ ఏడే కార్డిఫ్ అమ్మాయి ఐరీన్ స్టియర్ రిలే జట్టులో బంగారు పతకం తెచ్చింది. ఒలింపిక్ బంగారం గెలిచిన తొలి వేల్స్ మహిళ ఆమె. ఆమె సాధన చేసింది రోత్ పార్కు చెరువులో. ఒక చెరువులో ఈది ఆమె ప్రపంచాన్ని గెలిచింది. ఆమె పేరు మన పిల్లలకు కూడా తెలియాలని నా కోరిక.

ఇక అసలు విషయానికి వస్తాను.

దక్షిణ వేల్స్ గనుల ప్రాంతంలోని రోండా లోయలో ఒక గని కార్మికుడి ఇల్లు ఊహించుకోండి. వరుసగా అతుక్కుని ఉన్న ఇళ్లలో ఒకటి. ఇంట్లో తండ్రి, ఇద్దరు కొడుకులు, అద్దె కోసం పెట్టుకున్న ఒక ఒంటరి కార్మికుడు. నలుగురిలో ఒకడు పొద్దుటి షిఫ్టు, ఒకడు మధ్యాహ్నం, ఒకడు రాత్రి. ఇంటి ఇల్లాలు బయట కొళాయి నుంచి బకెట్లతో నీళ్లు మోసి, పెద్ద ఇనుప పాత్ర నింపి నిప్పు మీద పెడుతుంది. మరిగాక ఆ పాత్రను ఎత్తి తొట్టిలో పోస్తుంది. మొదట్లో తొట్టి అంటే సగానికి కోసిన చెక్క పీపా. తర్వాత రేకు తొట్లు వచ్చాయి. మగవాడు నిప్పుగూటి ముందు మోకాళ్ల మీద కూర్చుని ముందు నడుము పైభాగం కడుక్కుంటాడు. వీపు ఆమె రుద్దుతుంది. తర్వాత అతను తొట్టిలోకి దిగి కింది భాగం కడుక్కుంటాడు. ఆ పక్కనే వంట, ఆ పక్కనే పసిపిల్లలు. నల్లబడిన నీళ్లను ఆమె మళ్లీ మోసి బయట పారబోస్తుంది. పని బట్టలను బయట గోడకేసి కొట్టి దుమ్ము దులుపుతుంది, తడిసినవి నిప్పు చుట్టూ ఆరేస్తుంది. నేల తుడుస్తుంది. అంతలో తర్వాతి షిఫ్టు మనిషి తలుపు తడతాడు. అతని కోసం నీళ్లు మళ్లీ మొదలు.

చాలామంది కార్మికులు వీపు కడిగించుకునేవారు కాదు. తరచూ కడిగితే నడుము బలం పోతుందని ఒక నమ్మకం. చర్మం తెగిన చోట బొగ్గుదుమ్ము చేరి నీలి మచ్చలుగా జీవితాంతం మిగిలిపోయేది. ఆ నీలి మచ్చను చూసి అతను గని మనిషని ఎక్కడైనా గుర్తుపట్టేవారు. అతని శ్రమకు ఆ మచ్చ గుర్తు. ఇంట్లో ఆమె శ్రమకు అలాంటి గుర్తు పైకి కనిపించేది కాదు.

బెల్జియం, జర్మనీ లాంటి దేశాల్లో గని దగ్గరే స్నానశాలలు అప్పటికే ఉన్నాయి. బ్రిటన్‌లో 1911 బొగ్గుగనుల చట్టం ఆ ఊసెత్తింది గాని, మెలికలు పెట్టింది. కార్మికుల్లో మూడింట రెండు వంతుల మంది ఓటు వేయాలి. నిర్వహణ ఖర్చు మనిషికి వారానికి మూడు పెన్నీలు మించకూడదు. అందులో సగం కార్మికుడే భరించాలి. ఇన్ని షరతులతో ఎక్కడ కడతారు? అయినా ఓషన్ బొగ్గు కంపెనీ యజమాని డేవిడ్ డేవిస్ కార్మిక ప్రతినిధులను ఐరోపాకు పంపి అక్కడి స్నానశాలలు చూపించాడు. 1916లో ట్రెహారిస్ ఊళ్లోని డీప్ నావిగేషన్ గని దగ్గర స్నానశాల తెరిచారు. వేల్స్‌లో అదే మొదటిది. యజమానుల్లో అలాంటివాడు ఒకడైనా ఉన్నందుకు సంతోషించాలి. ఒకడి మంచితనం మీద మాత్రం లక్షల ఇళ్లు నడవవు.

ఇక్కడ ఎలిజబెత్ ఆండ్రూస్ వస్తుంది. 1882లో పెండెరిన్ అనే ఊళ్లో గని కార్మికుడి ఇంట పుట్టింది. పదకొండు మంది పిల్లల్లో ఒకరు. ఇంటి పనికి చేతులు కావాలని చిన్నతనంలోనే చదువు మానాల్సి వచ్చింది. బట్టలు కుట్టి బతికింది. రోండాలో స్థిరపడి, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేసి, 1919లో వేల్స్‌లో లేబర్ పార్టీ మహిళా సంఘాల నిర్వాహకురాలైంది. గనుల భవిష్యత్తు మీద అదే ఏడాది న్యాయమూర్తి శాంకీ అధ్యక్షతన ఒక విచారణ సంఘం లండన్‌లో కూర్చుంది. బ్రిటన్ గని కార్మికుల ఇళ్ల నుంచి ముగ్గురు స్త్రీలు వెళ్లి ప్రభువుల సభ భవనంలో సాక్ష్యం చెప్పారు. వేల్స్ తరఫున మాట్లాడింది ఎలిజబెత్ ఆండ్రూస్.

ఆమె దగ్గర పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. రోండాలో ఏళ్ల తరబడి కాన్పులు చేసిన ఒక మంత్రసాని చెప్పిన మాటను ఆమె ఆ సభలో పెట్టింది. నెలలు నిండకుండా అయ్యే కాన్పుల్లో, ఆడవాళ్ల జబ్బుల్లో ఎక్కువ భాగం బరువైన నీళ్ల పాత్రలు, తొట్లు ఎత్తడం వల్లే వస్తున్నాయన్నది ఆ మాట. మరిగే నీళ్లు మీద పడి కాలిపోయే పసిపిల్లల సంగతి కూడా చెప్పింది. గని యజమానులు, ప్రభువులు, లాయర్లు నిండిన ఆ హాల్లో బొగ్గు ధర గురించి, లాభాల గురించి లెక్కలు వచ్చాయి. బొగ్గు లెక్కలో గర్భస్రావాలను కూడా కలపాలని ఎవరైనా అన్నారంటే అది ఈ ముగ్గురు స్త్రీలే. నా దృష్టిలో వేల్స్ స్నానాల చరిత్రలో అంతకంటే గొప్ప రోజు లేదు.

మార్పు వెంటనే రాలేదు. 1920 చట్టం టన్ను బొగ్గుకు ఒక పెన్నీ చొప్పున వసూలు చేసి కార్మికుల సంక్షేమ నిధి పెట్టింది. ఆ డబ్బుతో ఆట స్థలాలు, సమావేశ మందిరాలు కట్టారు. 1926లో గని భూమి యజమానులకు వచ్చే రాయల్టీ మీద పౌనుకు ఒక షిల్లింగు లెక్కన వసూలు చేసి, ప్రత్యేకంగా స్నానశాలలకే కేటాయించారు. అప్పుడు పని ఊపందుకుంది. అన్ని చోట్లా కార్మికులు ఎగిరి గంతేయలేదన్నది కూడా నిజం. వారం వారం జీతంలో కోత ఒక అభ్యంతరం. వేడి నీళ్ల నుంచి చలిలోకి వెళ్తే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుందన్న భయం ఇంకొకటి. అన్నిటికంటే పెద్దది సిగ్గు. కొడుకు ముందు తండ్రి, తండ్రి ముందు కొడుకు బట్టలు విప్పడానికి ఇష్టపడలేదు. ఆ సిగ్గును వెక్కిరించవలసిన పని లేదు, వాళ్లు పెరిగిన పద్ధతి అది. కానీ సంకోచించిన మగవాళ్ల వెనక అలసిపోయిన ఆడవాళ్లు ఉన్నారు. ఊరూరా వాళ్లే ఒప్పించారు.

ఆ స్నానశాలలు ఎలా పనిచేసేవో చూడాలంటే దక్షిణ వేల్స్‌లో బ్లైనావన్ దగ్గరి బిగ్ పిట్ అనే పాత బొగ్గుగనికి వెళ్లాలి. అక్కడి స్నానశాల 1939లో తెరిచారు. గని 1980లో మూతపడి, 1983 నుంచి ప్రదర్శనశాలగా నడుస్తోంది. స్నానశాల కూడా అలాగే ఉంది. సంక్షేమ నిధి వాస్తుశిల్పులు ఎంతో వెలుగు, గాలి వచ్చేలా పెద్ద పెద్ద అద్దాల కిటికీలతో కట్టారు. మనిషి గని నుంచి వచ్చి మురికి వైపు నుంచి లోపలికి వెళ్తాడు. బూట్లు బ్రష్షుతో దులుపుకుంటాడు. పని బట్టలు మురికి లాకర్లో పెడతాడు. ఆ లాకర్ల గుండా వేడి గాలి వదులుతారు కాబట్టి తడిసిన బట్టలు మర్నాటికి ఆరిపోతాయి. సబ్బు, తువ్వాలు పట్టుకుని షవర్ల గదులకు వెళ్తాడు. ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటారు. అవతలి వైపు శుభ్రమైన లాకర్లో ఇంటి బట్టలుంటాయి. అవి తొడుక్కుని క్యాంటీన్లో టీ తాగి, అందరిలా బస్సెక్కి ఇంటికి వెళ్తాడు. మురికి వైపు దుమ్ము శుభ్రమైన వైపుకు రాదు. ఇంట్లో ఆ రోజుతో నీళ్ల పాత్ర నిప్పు మీద నుంచి దిగింది. గనుల ప్రాంతంలో కట్టిన ఏ చర్చి కంటే, ఏ క్లాక్ టవర్ కంటే ఈ భవనాలను నేను ఎక్కువగా గౌరవిస్తాను.

అదే నిధి సాయంతో ఒళ్లు కడుక్కోవడానికే కాక ఆడుకోవడానికి కూడా నీళ్లు వచ్చాయి. పాంటిప్రీద్ పట్టణంలో యుద్ధ స్మారక పార్కులో 1927లో ఆరుబయట ఈత కొలను తెరిచారు. అంతకు ముందు ఏడాదే కార్మికులు నెలల తరబడి లాకౌట్‌లో ఆకలితో గడిపారని గుర్తుంచుకోండి. ఆ లోయల పిల్లలు తరతరాలుగా అక్కడే ఈత నేర్చుకున్నారు. 1991లో అది మూతపడింది. డీప్ నావిగేషన్ గని కూడా మూతపడింది ఆ ఏడాదే. కొలనును బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు, నీళ్లు వేడిచేసి మరీ. పాత చెక్క గదులు కొన్ని అలాగే ఉంచారు. 2020లో వరద ముంచెత్తి పాడైతే దాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు. గనులు పోయినా కొలనును వదులుకోని ఆ ఊరి పట్టుదల నాకు నచ్చుతుంది. కార్డిఫ్ మాత్రం 1958 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన ఎంపైర్ పూల్‌ను 1998లో పడగొట్టి, రగ్బీ స్టేడియానికి చోటిచ్చింది. స్టేడియం గొప్పదే, కాని ఊరి నడిబొడ్డున అందరికీ అందుబాటులో ఉన్న కొలను పోయింది.

మన దగ్గర 1889లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలైంది. గనుల దగ్గర షవర్లతో స్నానశాలలు, లాకరు గదులు పెట్టించే నియమాలు చేసే అధికారాన్ని 1952 గనుల చట్టం ఇచ్చింది. ఆ సెక్షన్ మాటలు చదివితే నాకు ఆ ముగ్గురు స్త్రీల సాక్ష్యం గుర్తొస్తుంది. చట్టంలో ఉన్నది మన గనుల దగ్గరికి ఎప్పుడు, ఎంతవరకు వచ్చిందో పుస్తకాల కంటే మీకే ఎక్కువ తెలుసు. ఈ సభలో బాయి పని చేసి రిటైరైన పెద్దలు ఉన్నారు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు కూడా ఉన్నారు. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి ఇంట్లో ఎవరు నీళ్లు తోడేవారు, దేని మీద కాచేవారు, ఎన్నేళ్లు అలా నడిచింది? నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. మిగిలిన సమయంలో మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. ముందు వరసలో కూర్చున్న అమ్మలతో మొదలుపెడదాం.